లూవర్ ప్రెస్ కొనేముందు బానెట్‌లో సగం వెడల్పు కొలవండి

మీరు అడిగింది ఇదీ: పాత మహీంద్రా ఎంఎం540 జీపు ఉంది, ఎండాకాలంలో బానెట్ కింద వేడి ఆవిర్లు కక్కుతోంది, బానెట్ మీద రెండు వరసల లూవర్లు (రేకును ఒక పక్క కోసి ఉబ్బించిన గాలి సందులు) కొట్టుకోవాలి, వీడియోల్లో అమెరికా వాళ్ల లూవర్ ప్రెస్ చూసి రేటు కనుక్కుంటే కళ్లు తిరిగాయి, మరి 20 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్ కొంటే పనవుతుందా, పాత ఫ్లై ప్రెస్ (చేత్తో ఊపి తిప్పే స్క్రూ ప్రెస్) మేలా? పనిలో పనిగా తర్వాత స్నేహితుల బండ్లకీ కొట్టిపెట్టొచ్చని ఆశ. ఆ ఆశ ఉంది చూశారూ, డబ్బు తగలేసేది అదే.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో పాతికేళ్లు డై ఫిట్టర్‌గా చేశాను. ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులకీ జనరేటర్ కేనోపీలకీ లూవర్ డైలు చేయడం మాకు రోజువారీ పని. బండ్ల మీద కొట్టడం మాత్రం నా సొంత పిచ్చి, ఇప్పటికి నాలుగైదు బానెట్లు అయ్యాయి, అందులో ఒకటి పాడుచేశాను, అదెలాగో కిందకొచ్చాక చెప్తాను.

ముందు టన్నుల గురించి టెన్షన్ వదిలేయండి. లెక్క చిన్నదే. 4 అంగుళాల లూవర్ అంటే దాదాపు 100 మి.మీ. కోత. రేకు 1 మి.మీ. అనుకుందాం. మైల్డ్ స్టీల్ కొయ్యడానికి చదరపు మిల్లీమీటరుకి 350 న్యూటన్లు వేసుకోండి, కాస్త ఎక్కువే చెప్పాను. 100 × 1 × 350, అంటే 35,000 న్యూటన్లు, మూడున్నర టన్నులు. లూవర్‌లో ఒక పక్క కోత, మిగతా మూడు పక్కలా రేకు సాగి ఉబ్బడం ఒకే దెబ్బలో జరుగుతాయి కాబట్టి ఆ ఉబ్బుకి కూడా కొంత బలం కలపాలి. అయినా 8 టన్నులు చేతిలో ఉంటే హాయిగా పనవుతుంది. పైనుంచి రేకును నొక్కే ముక్క పంచ్, కింద గుంట ఉండే ముక్క డై. ఆ పంచ్ కోత అంచు తిన్నగా కాకుండా మధ్యలో ఒకటిన్నర మి.మీ. ఎత్తుగా ఉండి రెండు కొనలకీ వాలితే రేకు ఒక్కసారిగా కాక కత్తెరతో కోసినట్టు తెగుతూ పోతుంది, బలం ఇంకా తగ్గుతుంది. మెత్తటి అల్యూమినియం అయితే ఇందులో మూడో వంతు చాలు. కాబట్టి 20 టన్నులా 30 టన్నులా అని కొట్టువాడితో బేరాలాడటం వృథా.

ఖరీదంతా నోరు లోతులో ఉంది. నోరు అంటే పంచ్ మధ్య నుంచి వెనక ఫ్రేమ్ దాకా ఉన్న ఖాళీ, ఇంగ్లీషులో థ్రోట్ అంటారు. బానెట్ నడిమధ్యకి పంచ్ చేరాలంటే ఆ ఖాళీ కనీసం బానెట్‌లో సగం వెడల్పు ఉండాలి. టేపు పట్టుకెళ్లి ముందు అది కొలవండి, మెషిన్ మాట తర్వాత.

హైడ్రాలిక్ షాప్ ప్రెస్ చూశారుగా, రెండు స్తంభాల మధ్య అడ్డదూలం, దాని మీద జాకీ. బేరింగులు ఊడదీయడానికి దానంత మంచిది లేదు. కానీ మామూలుగా దొరికే సైజుల్లో ఆ రెండు స్తంభాల మధ్య బానెట్ పట్టదు. స్తంభాలు పక్కకి ఉన్నాయి కదా, ముందు నుంచి వెనక్కి తోద్దాం అంటే మొత్తం వెడల్పు ఆ సందులో దూరాలి. చిన్న పలకలు, బానెట్ పక్క రేకులు, బ్యాటరీ బాక్సులకైతే ఓకే. మీ పనికి కాదు.

ఫ్లై ప్రెస్ అంటే నాకు ప్రాణం, దాచుకోను. బరువు గుండ్లున్న కడ్డీని ఒక్క ఊపు ఊపితే లూవర్ పడుతుంది, కరెంటు అక్కర్లేదు, చెడిపోయేదేం లేదు, పంజాబ్ నుంచి వచ్చిన పాతవి ఇప్పటికీ మన దగ్గర పాత మెషినరీ కొట్లలో తూకానికి దొరుకుతాయి. కొనేటప్పుడు స్క్రూని పైకి తీసుకెళ్లి ర్యామ్‌ని (పంచ్‌ని దింపే దిమ్మని) చేత్తో పట్టుకుని పక్కలకి ఊపి చూడండి, టకటకమంటే గిబ్బులు (ర్యామ్‌ని దారిలో పట్టి ఉంచే పట్టీలు) అరిగినట్టు, బేరం తగ్గించండి లేదా వదిలేయండి. అన్నీ బాగున్నా దాని నోరు మహా అయితే ఏడెనిమిది అంగుళాలు. 1930ల నాటి కారు ఉంటే వేరే మాట. వాటి బానెట్ పక్క రేకులు సన్నగా నిలువుగా ఉంటాయి, లూవర్లు వాటికే ఉంటాయి, ఫ్లై ప్రెస్ అక్కడ రాజు. 1932 ఫోర్డ్ బానెట్ పక్కన ఒక్కోవైపు 25 లూవర్లు ఫ్యాక్టరీ నుంచే వచ్చేవి. బానెట్ పైన, డిక్కీ మీద, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ లూవర్లు కొట్టడం తర్వాత కాలిఫోర్నియా ఎండిన సరస్సుల మీద పందాలు వేసుకునే కుర్రాళ్ల దగ్గర ముదిరింది. వాళ్ల సంఘం ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) 1937లో పుట్టింది, 1949 నుంచి బొన్నవిల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్ పెడుతున్నారు. మీరు వీడియోల్లో చూసిన ఆ లోతు నోరు ప్రెస్సులు ఆ సరదా కోసం పెరిగినవే. ఒక సంగతి గమనించండి, అక్కడ కూడా హాబీ చేసేవాళ్లందరి దగ్గరా అవి లేవు. ఒకడు పెట్టుకుంటాడు, చుట్టుపక్కల వాళ్లంతా బానెట్లు మోసుకొస్తారు, లూవర్‌కి ఇంత అని తీసుకుంటాడు.

పాత పవర్ ప్రెస్ (మోటారుతో నడిచేది) చవకగా వస్తోందని ఎవరైనా అంటే వెంటనే కాదనండి. ఫ్లైవీల్ తిరుగుతూ ఉండే ఆ పాత కీ క్లచ్ ప్రెస్సులు ఒక్కోసారి పెడల్ వదిలినా రెండో దెబ్బ వేస్తాయి. మా వీధిలో వేళ్లు పోయినవాళ్లు నాకు పేర్లతో సహా తెలుసు. పెద్ద బానెట్‌ని రెండు చేతులతో మోస్తూ పంచ్ కింద సర్దే పనికి అది అసలే పనికిరాదు.

ఇక మిగిలింది సొంతంగా సీ ఆకారం ఫ్రేమ్ చేసుకోవడం. నేను చేసుకున్నది 24 అంగుళాల నోరు. మొదట ఒంటి ఐ బీమ్‌తో గీశాను, 200 మి.మీ. ది, లెక్క వేస్తే ఐదు టన్నుల దగ్గర నోరు మూడు మి.మీ. దాకా తెరుచుకుంటుందని వచ్చింది. నోరు పైకి తెరుచుకుంటే నష్టం లేదు, సిలిండర్ ఇంకాస్త తోస్తుంది అంతే. అసలు సమస్య పక్కకి. లూవర్ డైలో కోత ఒకవైపే కాబట్టి పంచ్‌ని రేకు పక్కకి నెడుతుంది, ఐ బీమ్ నిలువుగా ఎంత గట్టిదో పక్కకి అంత మెత్తన. మాకు ప్యానెల్ బోర్డు డైలలో గైడ్ పిల్లర్లు ఉంటాయి, పంచ్ ఎటూ జరగదు. బానెట్ మీద పిల్లర్లు పెట్టలేం, రేకే అడ్డొస్తుంది. అంటే పంచ్, డై ఒకదానికొకటి ఎదురుగా ఉండే భారమంతా ఫ్రేమ్ మీదే.

అందుకని 200 మి.మీ. సీ చానెళ్లు రెండు ముఖాముఖీ పెట్టి డబ్బాలా వెల్డింగ్ చేయించాను. మీటరుకి 44 కిలోల దాకా తూగుతుంది, మొత్తం ఫ్రేమ్ వంద కిలోల పైమాటే, కానీ నిలువు తెరుచుకోవడం రెండు మి.మీ. కి దిగింది, పక్కకి ఊగడం దాదాపు ఆగింది. లోపలి మూలలు రెండిటికీ 12 మి.మీ. ప్లేటు గస్సెట్లు (మూలకి బలమిచ్చే ముక్కలు) తప్పనిసరి, ఆ మూలల్లోనే లాగుడంతా. వెల్డింగ్ గ్రిల్లులు చేసేవాళ్లతో కాదు, స్ట్రక్చరల్ పని తెలిసినవాళ్లతో చేయించండి. నోరు ఇంకో అడుగు పెంచుదామనిపిస్తుంది, ఆగండి. ఫ్రేమ్ చేయి (ముందుకి చాచి ఉండే దూలం) పొడవు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది.

ఇక్కడో చిన్న కిటుకు. పంచ్‌కీ డైకీ మధ్య సందు కోత అంచుకి అడ్డంగా ఉండే దిక్కులోనే కీలకం, 1 మి.మీ. రేకుకి ఆ సందు పదో వంతు మి.మీ. లోపు ఉండాలి. ఫ్రేమ్ తెరుచుకున్నప్పుడు పంచ్ జరిగేది చేయి పొడుగు దిక్కులో. కాబట్టి కోత అంచు చేయి పొడుగునే ఉండేలా డై బిగిస్తే, పంచ్ కొంచెం ముందుకో వెనక్కో జరిగినా సందు మారదు. బానెట్‌ని పక్క నుంచి లోపలికి తోస్తే ఇది దానంతటదే కుదురుతుంది, ఎందుకంటే లూవర్లు బండికి అడ్డంగా ఉంటాయి, చేయి కూడా బండికి అడ్డంగా వెళ్తుంది. ఇది నాకు రెండో బానెట్ దగ్గర వెలిగింది, మొదటి దానిలో డై 90 డిగ్రీలు తిప్పి బిగించి, ప్రతి లూవర్‌కీ బర్ (కోత అంచున లేచే గరుకు) ఎందుకొస్తోందా అని రెండు రోజులు డైని తిట్టుకున్నాను.

బలానికి మామూలు బాటిల్ జాకీ తలకిందులుగా బిగిస్తే పనిచేయదు, నూనె అందదు. సిలిండర్ విడిగా, పంపు విడిగా, మధ్యలో హోసు ఉండే 10 టన్నుల సెట్ తీసుకోండి, స్ప్రింగ్‌తో వెనక్కి వచ్చే రకం. కాలితో తొక్కే పంపు దొరికితే ఇంకా మంచిది, చేతులు రెండూ రేకు మీద ఉండాలి. సిలిండర్ రాడ్‌కి నేరుగా పంచ్ బిగించొద్దు, ఆ రాడ్ గుండ్రంగా తిరుగుతుంది. చతురస్రపు కడ్డీని ఒక బిగుతైన స్లీవులో నడిపించి, దాని చివర పంచ్ పెట్టాలి. స్లీవు కనీసం కడ్డీ మందానికి మూడింతల పొడవు ఉంటే ఊగదు.

డబ్బు పెట్టాల్సిన చోటు డై. నాకు 2019లో డైకి పదకొండు వేలయింది, ఫ్రేమ్ ఇనుముకి పాత సరుకు కాబట్టి అందులో సగం కూడా కాలేదు, నా మజూరీ లెక్కలో లేదనుకోండి. ఓహెచ్‌ఎన్‌ఎస్ (నూనెలో గట్టిపరిచే టూల్ స్టీల్) చాలు, ఇరవై ముప్పై బానెట్లు కొట్టినా అంచు నిలుస్తుంది. రోజుకి వేల దెబ్బలు కొట్టే ప్యానెల్ షాపు వాళ్లకి హెచ్‌సీహెచ్‌సీఆర్ (కార్బన్, క్రోమియం ఎక్కువున్న టూల్ స్టీల్) కావాలి, మీకెందుకు. వైర్‌కట్‌లో (కరెంటు తీగతో ఉక్కు కోసే మెషిన్‌లో) ఆకారం కోయించి, హార్డెనింగ్ చేయించి, కోత అంచు గ్రైండింగ్ చేయించండి. చెప్పాల్సింది ఏంటంటే పంచ్‌లో ఒక పొడుగు అంచు మాత్రమే కత్తిలా ఉండాలి, మిగతా మూడు పక్కలా నున్నటి గుండ్రం ఉండాలి. డైలో కూడా అంతే. కొత్తవాళ్లు చేసే తప్పు రెండు కొనల్లో ఉంటుంది. కోత ఎక్కడ ఆగుతుందో అక్కడ రేకు ఎక్కువగా సాగుతుంది, అక్కడ పదును వదిలేస్తే లూవర్ మూలల్లో చిన్న చీలిక పడుతుంది, రంగు వేసినప్పుడు కనపడదు, ఆర్నెల్లు బండి అదిరాక పగులు పాకుతుంది. లూవర్ వెడల్పు 15 మి.మీ. ఉంటే ఎత్తు 8 దగ్గర ఆపండి. లూవర్ ఇంకా నోరు తెరిస్తే అందంగా ఉంటుందని 12 కి వెళ్లకండి.

రేకు విషయం. రేకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 513 లో డి, డీడీ, ఈడీడీ అని రకాలు ఉండేవి (ఇప్పటి పేర్లు సీఆర్2, సీఆర్3, సీఆర్4), ఆ వరసలో చివరికి వెళ్లేకొద్దీ ఎక్కువ సాగుతాయి. కొత్త రేకు కొంటే 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకులో డీడీ అడగండి. పాత బానెట్ మీదే కొడితే ముందు పుట్టీ అంతా గీకి ఇనుము కనపడాలి, పుట్టీ మీద పంచ్ పడితే పెచ్చులు డైలో ఇరుక్కుని తర్వాతి లూవర్ మీద గాట్లు పడతాయి. జీఐ (జింక్ పూత) రేకు వద్దు, పూత లేస్తుంది.

ఇప్పుడు నేను పాడుచేసిన బానెట్ కథ. పంచ్ పై నుంచి కిందకి దిగుతుంది కాబట్టి లూవర్ కిందకి ఉబ్బుతుంది, అంటే బానెట్‌ని వెల్లకిలా వెయ్యాలి, లోపలి వైపు ఆకాశం చూస్తూ ఉండాలి. నేను గీతలన్నీ పై వైపు గీశాను, పెయింట్ తీసిన వైపు అదే కదా అని. తిరగేశాక గీతలు కనపడవు, సరే అంచుల నుంచి కొలిచి లోపల మళ్లీ గీశాను, అంతవరకు బాగానే ఉంది. బాణం గుర్తు మాత్రం తిప్పడం మర్చిపోయాను. ఒక వరసలో ఆరు లూవర్లు పడ్డాయి, పక్కనే టీ తెచ్చిన కుర్రాడు వంగి కిందనుంచి చూసి, "సార్, ఇవి ముందుకి చూస్తున్నాయేంటి?" అన్నాడు. చూస్తే నిజమే, ఆరూ నోళ్లు రేడియేటర్ వైపు తెరుచుకుని ఉన్నాయి. వేడిని బయటికి పంపాల్సినవి వాననీ దుమ్మునీ మింగేలా తయారయ్యాయి. ఆ బానెట్ ఇప్పుడు మా ఇంటి వెనక నీళ్ల మోటారుకి గొడుగు. అప్పటి నుంచి బానెట్ లోపలి వైపు మార్కర్‌తో "అద్దం ఇటు" అని పెద్దక్షరాలతో రాశాకే పంపు తొక్కుతాను.

వెల్లకిలా వేస్తే ఇంకో చిక్కు, బానెట్ మడతంచులు, లోపలి బలపు పట్టీలు అన్నీ పైకి లేచి ఉంటాయి. పై చేయికీ రేకుకీ మధ్య నాలుగంగుళాల ఖాళీ, సన్నగా పొడుగ్గా ఉండే పంచ్ హోల్డర్ లేకపోతే అవి తగులుతాయి. కింద డై కూడా చేయి మీద నేరుగా కాక, చిన్న పీఠం మీద లేచి ఉండాలి, వంపున్న రేకు అప్పుడే దానిమీద సమంగా కూర్చుంటుంది.

వరసలో దూరం 32 మి.మీ. బాగుంటుంది. కొలత గీతల్ని నమ్ముకోకుండా డైకి రెండు పక్కలా వేలు లాంటి ఆపు పెట్టుకోండి, ఆ పక్కన ముందు కొట్టిన లూవర్ దానికి తగిలితే తర్వాతది సరిగ్గా అదే దూరంలో పడుతుంది. ప్రతి దెబ్బ తర్వాత రేకును పైకెత్తి లూవర్‌ని డై గుంటలోంచి తప్పించాలి, గుంటలో పీయూ (పాలీయురథేన్ రబ్బరు) ముక్క ఒకటి వేస్తే అదే నెడుతుంది. వరస మధ్య నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి కొట్టండి. ఒక కొస నుంచి వరసగా పోతే ప్రతి లూవర్ రేకును కాస్త లాక్కుని, చివరికి బానెట్ అరటి ఆకులా వంగుతుంది.

ఇంతా చెప్పి అసలు మాట. మీవి రెండు వరసలు, వరసకి పది, మొత్తం ఇరవై లూవర్లు. ఇరవై లూవర్ల కోసం వంద కిలోల ఫ్రేమ్ అవసరమా బ్రదర్? టర్రెట్ పంచ్ మెషిన్ (రకరకాల పంచ్‌లు తిప్పుకుంటూ రేకు కొట్టే మెషిన్) ఉన్న ప్యానెల్ బోర్డు షాపులు జీడిమెట్ల, చర్లపల్లి వైపు బోలెడు. లూవర్ టూలు వాళ్ల దగ్గర సాధారణంగా ఉంటుంది. అది చదును రేకుకే పనిచేస్తుంది, మీ బానెట్‌ని వాళ్లు ముట్టుకోరు. కాబట్టి 1 మి.మీ. రేకులో రెండు చదును పలకలు లూవర్లతో కొట్టించుకోండి, అంచులు 10 మి.మీ. మడిచి తెచ్చుకుని, బానెట్‌లో కిటికీలు కోసి, కింద నుంచి ఎం5 బోల్టులతో బిగించండి. వెల్డింగ్ కూడా వద్దు, పల్చటి రేకు వేడికి అలలు తేలుతుంది. ఇంకా మంచిది, స్క్రాప్‌లో ఇంకో బానెట్ పట్టుకుని దానికి కోసి, మీ ఒరిజినల్‌ని అటక మీద పెట్టండి. షాపు వాళ్ల లూవర్ మీరు ఊహించిన సైజులో ఉండకపోవచ్చు, వెళ్లి ముందు ఒక తుక్కు ముక్క మీద కొట్టించి చూడండి. స్నేహితుల బండ్లు నిజంగా వరసకట్టి, అవీ వంపు బానెట్లయితే, అప్పుడు ఫ్రేమ్ గురించి ఆలోచిద్దాం.

ఎక్కడ పెట్టాలో కూడా చెప్తాను. అద్దం మొదట్లో, బానెట్ వెనక చివర, బండి పరిగెత్తేటప్పుడు గాలి ఒత్తిడి ఎక్కువ, అక్కడ లూవర్ పెడితే వేడి బయటికి రాదు సరికదా గాలే లోపలికి దూరుతుంది. రేడియేటర్ వెనక నుంచి బానెట్ మధ్య దాకానే పెట్టండి. ఎయిర్ క్లీనర్ మూతి సరిగ్గా లూవర్ కింద పడకుండా చూసుకోండి. డీజిల్ ఇంజన్ కాబట్టి వాన చినుకులకి స్పార్క్ గోల లేదు, కానీ ఆల్టర్నేటర్ మీద ధార పడకూడదు. లూవర్ లోపలి కోత అంచుకి రంగు సరిగ్గా చేరదు, తుప్పు అక్కడే మొదలవుతుంది, ఫైల్‌తో బర్ తీసి ఎపాక్సీ ప్రైమర్ కుంచెతో లోపలికి పట్టించండి, గన్ మీద వదిలేయకండి.

ఇంకోటి, మీ ఉష్ణోగ్రత ముల్లు కూడా ఎక్కుతోందా, లేక బానెట్ రేకు మాత్రమే కాలుతోందా? ముల్లు ఎక్కుతుంటే లూవర్లు దానికి మందు కాదు. ముందు ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన ష్రౌడ్ ఉందో లేదో చూడండి, పాత జీపుల్లో ఎవరో ఎప్పుడో ఊడదీసి పారేసి ఉంటారు. తర్వాత రేడియేటర్ రాడింగ్ (లోపలి గొట్టాలు కడ్డీతో శుభ్రం చేయించడం), థర్మోస్టాట్. అవి చూసి బానెట్ కొలతలూ పట్టీలు ఎక్కడున్నాయో గీసిన బొమ్మా పెట్టండి, పలకల సైజు నేను గీసిస్తాను.